ఒక పక్కకు తిరుగుతోందంటే

ఆదివారం పొద్దున ఏడింటికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండ్లేవీ కదలవు. ఆ గంటసేపు ఆ చోటు నాదీ, మా మేనల్లుడిదీ. వాడు బొమ్మ హెలికాప్టర్‌ని నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, రిమోట్‌లో ఎడమ పుల్లని మెల్లగా పైకి నెడతాడు. ఒకదాని పైన ఒకటిగా ఉన్న రెండు జతల రెక్కలు ఎదురెదురు దిక్కుల్లో తిరగడం మొదలెడతాయి. సన్నటి దుమ్ము లేస్తుంది. హెలికాప్టర్ మోకాలెత్తుకు వచ్చి గాలిలో నిలబడుతుంది.

ఆ మధ్య ఒక ఆదివారం నిలబడలేదు. లేస్తూనే ముక్కు ఎడమవైపు తిప్పుకుంది.

"మామా, ట్రిమ్ నొక్కనా?" అన్నాడు.

నొక్కమన్నాను. ట్రిమ్ అంటే రిమోట్ మీద, ఇలా పక్కకు తిరగడాన్ని సర్దే చిన్న బొత్తం. టిక్కు టిక్కుమని నాలుగుసార్లు నొక్కాడు. సర్దుకుంది. ఏడు నిమిషాలు హాయిగా ఎగిరింది. దించాక రిమోట్ చేతిలోకి తీసుకుని చూశాను. ట్రిమ్ గుర్తు ఇంచుమించు కుడి కొసకు చేరింది. వారం వారం రెండేసి, మూడేసి నొక్కులు నొక్కుతూ వచ్చాం. ఎప్పటికప్పుడు సర్దుకుంటోంది కదా అనుకున్నాం. ఎందుకు సర్దాల్సి వస్తోందని ఇద్దరం ప్రశ్నించుకోలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ రకం హెలికాప్టర్ని మించినది లేదని నా అభిప్రాయం. పైరెక్కలు ఒక మోటారుతో, కిందిరెక్కలు ఇంకో మోటారుతో తిరుగుతాయి. రెక్కలు ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. రెండు జతలూ ఎదురెదురుగా తిరగడం వల్ల ఆ రెండు తోపుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒళ్లు నిలకడగా ఉంటుంది. పక్కకు తిప్పాలంటే ఒక మోటారుకు కాస్త ఎక్కువ, రెండోదానికి కాస్త తక్కువ కరెంటు వెళ్తుంది, అంతే. మాదానికి తోక చివర చిన్న రెక్క ఉన్నా అది అందానికే.

ఇలాంటి యంత్రంలో ఒక మోటారు అలిసిపోతే హెలికాప్టర్ కూలిపోదు. ముందు ఒక పక్కకు తిరుగుతుంది. బలం తగ్గిందని నేరుగా చెప్పదు, దారి తప్పి చూపిస్తుంది. మనం ట్రిమ్ నొక్కుతాం. ట్రిమ్ చేసేదల్లా ఆ బలహీనమైన మోటారుకే ఇంకాస్త కరెంటు పంపడం. అది ఇంకాస్త వేడెక్కుతుంది, ఇంకాస్త అరుగుతుంది. వచ్చే వారం ఇంకో రెండు నొక్కులు కావాలి. చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. లోపల మాత్రం బరువు మోయలేనిదాని మీదే బరువు పెంచుతూ పోతున్నాం.

ఆ రోజు మోటార్లు విప్పాం. బొటనవేలంత ఉంటాయి, 180 సైజు అంటారు. ఇనప డొప్పలో రెండు అయస్కాంతాలు, మధ్యలో రాగి తీగ చుట్టిన ఇరుసు, దాని మెడ దగ్గర మూడు ముక్కల రాగి పట్టీ. అదే కమ్యుటేటర్. దానికి రెండు వైపులా కార్బన్ బ్రష్షులు ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. మిక్సీ బాగుచేసేవాళ్లు "కార్బన్లు పోయాయమ్మా" అనేది వీటి పెద్దన్నల గురించే. ఒరుసుకుంటేనే కరెంటు అందుతుంది, ఒరుసుకుంటే అరుగుతాయి. అరగకుండా పనిచేసే బ్రష్షు లేదు. కాబట్టి అరుగుదలని తప్పు పట్టడానికి లేదు. అది ఎంత తొందరగా, ఎంత అనవసరంగా జరిగిందన్నదే చూసుకోవాల్సింది.

మోటారు మీద నింద వేసేముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయని వాడికి చెప్పాను. కిందిరెక్కల ఇరుసు చుట్టూ పొడుగాటి తలవెంట్రుక ఒకటి బిగుసుకుని ఉంది. పట్టకారుతో లాగితే జానెడు వచ్చింది. రెక్క అంచు నెర్రె విచ్చినా, ఇరుసు వంగినా, పళ్లచక్రం మరీ బిగుతుగా ఆనినా మోటారు మీద బరువు పడుతుంది. పళ్లచక్రాలు సరిగ్గా కూర్చోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. మోటారు మీది చిన్న చక్రానికీ కింది పెద్ద చక్రానికీ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి, మరలు బిగించి, కాగితం లాగేయాలి. ఆ కాగితం మందమంత ఖాళీ చాలు. ఖాళీ లేకపోతే పళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి, ఎక్కువైతే జారి విరుగుతాయి. ఆ కాగితం ముక్క మీద పళ్ల అచ్చు సన్నగా పడుతుంది. మేనల్లుడు దాన్ని లెక్కల పుస్తకంలో దాచుకున్నాడు.

ఇవన్నీ సరిచేశాక ట్రిమ్ మధ్యకు తెచ్చి మళ్లీ ఎగరేశాం. కాస్త తగ్గినా తిరగడం పోలేదు. అప్పుడిక అది మోటారే.

మా నాన్న వ్యవసాయం చేసినన్నాళ్లూ మోటారు ఆయనకు ఇంకో బిడ్డ. బావి మీద మోటారు ఉన్న రోజుల్లో పొలానికి వెళ్లగానే ముందు దాని ఒంటి మీద అరచేయి ఆనించేవారు. చేయి ఆనుతోందంటే నీళ్లు పారించుకోవచ్చు. "చెయ్యి పెట్టనియ్యట్లేదు" అంటే ఆపేసి చెట్టు కింద కూర్చునేవారు. ఎండుతున్న మడి ఎదురుగా ఉన్నా కూర్చునేవారు. ఊళ్లో వైండింగ్ షాపు ముందు కాలిపోయిన మోటార్లు వరసగా పడి ఉండేవి. వాటిలో చాలా వాటికి వచ్చిన జబ్బు ఒకటే, ఇంకో అరగంట నడిస్తే మడి తడుస్తుందన్న ఆత్రం.

చిన్న మోటారుకీ అదే న్యాయం వర్తిస్తుంది. రాగి వేడెక్కే కొద్దీ కరెంటుకు అడ్డుపడటం పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున. యాభై డిగ్రీలు పెరిగితే అయిదో వంతు పెరిగినట్టే. అంటే వేడి మోటారు అదే పనికి ఎక్కువ ఖర్చు చేస్తుంది, ఆ అదనపు ఖర్చు మళ్లీ వేడిగానే మారుతుంది. బ్యాటరీ అయిపోయిన వెంటనే రెండో బ్యాటరీ పెట్టి ఎగరేయాలని పిల్లల చేతులు ఉవ్విళ్లూరతాయి. మా దగ్గర రెండు బ్యాటరీలున్నాయి. మధ్యలో పావుగంట విరామం నియమం. మొదట్లో వాడికి ఆ పావుగంట శిక్షలా ఉండేది. ఇప్పుడు ఆ సమయంలోనే రెక్కలు తుడుస్తాడు, మరలు వదులయ్యాయేమో చూస్తాడు, నోటుపుస్తకంలో ఎన్నో విడత ఎగరేశామో రాస్తాడు. తాతయ్య నేర్పినట్టు మోటారు మీద వేలు ఆనించి మూడు లెక్కపెడతాడు. హెలికాప్టర్ గురించి వాడికి తెలిసినదాంట్లో సగం ఆ పావుగంటల్లో తెలిసిందే.

ఇంకో నియమం ఉంది, అది మరీ ముఖ్యం. పడిపోతోందని తెలిసిన క్షణంలో ముందు ఎడమ పుల్ల కిందికి దించేయాలి. మనసు దానికి ఒప్పుకోదు. పడుతున్నదాన్ని పైకి లేపాలనే చూస్తుంది, పుల్లని ఇంకా పైకి నెడుతుంది. రెక్కలు నేలకో గోడకో తగిలి ఆగిపోయాయనుకోండి. తిరుగుతున్నంతసేపూ మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీని పుట్టించి కరెంటుని అదుపులో పెట్టుకుంటుంది. ఆగిపోగానే ఆ అదుపు పోతుంది. వచ్చే కరెంటంతా తీగలోకి దూరి వేడిగా మారుతుంది. కొన్ని సెకన్లు చాలు, వైండింగ్ వాసన వస్తుంది. గాలిలో నిమిషాల తరబడి పనిచేసినా కాలని మోటారు, కదలలేని చోట బలవంతం చేస్తే కాలుతుంది. ఈ ఒక్క అలవాటు చేతికి పట్టడానికి మా వాడికి రెండు నెలలు పట్టింది. నాకింకా ఎక్కువే పట్టింది.

ఇక పెద్ద మోటార్ల సంగతి. కొన్నాళ్లు ఎగరేశాక అందరికీ వచ్చే కోరికే ఇది: ఇంకా బలమైన మోటారు పెడితే? మా వాడూ అడిగాడు. వాడికి నేను చెప్పింది ఒక అసలు హెలికాప్టర్ కథ. ఎందుకంటే మా బొమ్మ ఆకారం దానిదే. దాని పేరు లామా.

1960లలో మన సైన్యానికి హిమాలయాల ఎత్తుల్లో, పలచటి గాలిలో పనిచేసే హెలికాప్టర్ కావాల్సి వచ్చింది. దానికోసం ఫ్రాన్స్‌లో లామాని తయారుచేశారు. తొలిసారి ఎగిరింది 1969 మార్చిలో. వాళ్లు చేసింది ఒక రకంగా మనం బొమ్మకు చేయాలనుకునేదే. అలూయెట్ 2 అనే తేలికైన పాత హెలికాప్టర్ ఒంటిని తీసుకుని, దానికన్నా పెద్దదైన అలూయెట్ 3 ఇంజన్ని దానికి పెట్టారు. కానీ ఇంజన్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. ఆ పెద్ద హెలికాప్టర్ రెక్కల్నీ, పళ్లచక్రాల అమరికనీ కూడా తెచ్చారు, ఒంటిని గట్టి చేశారు. ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, ఆ ఇంజన్ 870 అశ్వశక్తి ఇవ్వగలదు. దాన్ని 550కి కట్టేశారు. నేల దగ్గర వాడుకోవడానికి కాదు ఆ మిగులు. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచనై ఇంజన్ బలం తగ్గుతుంది. అక్కడ కూడా ఆ 550 దొరకడానికే ఈ మిగులు. బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ దాన్నే చీతా పేరుతో కట్టింది. సియాచిన్‌లో మన జవాన్లకు తిండీ మందులూ మోసింది, జబ్బు పడ్డవాళ్లని కిందికి దించింది ఆ చీతాయే. అవసరానికి మించిన బలం ఉండి కూడా దాన్ని వాడకుండా దాచుకున్న యంత్రం అది. నాకు ఆ లెక్క ఎప్పుడు తలుచుకున్నా గౌరవం కలుగుతుంది.

బొమ్మలోనూ అంతే. బలమైన మోటారు ఎక్కువ కరెంటు అడుగుతుంది. ఆ కరెంటు ఇవ్వగల బ్యాటరీ ఉండాలి. దాన్ని పంపే సర్క్యూట్ పలక మీది ట్రాన్సిస్టర్లు ఆ వేడి తట్టుకోవాలి. ప్లాస్టిక్ పళ్లచక్రం ఆ ఊపు ఓర్చుకోవాలి. ఒక్కచోట బలం పెంచితే, ఆ బరువు వెళ్లి తర్వాతి బలహీనమైన చోట కూర్చుంటుంది. బ్రష్షుల్లేని మోటారు ఉందిగా అంటారు. నిజమే, దాంట్లో ఒరుసుకునే కార్బన్ ఉండదు. తీగచుట్లు కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలు తిరుగుతాయి, చాలాకాలం మన్నుతుంది. కానీ దానికి మూడు తీగలు, దానిదైన కంట్రోలరు కావాలి. మొదటి బొమ్మలో వచ్చే పలక దాన్ని నడపలేదు. రెండు మోటార్లకు రెండు కంట్రోలర్లు, వాటిని కలిపే ఇంకో పరికరం, అదనపు బరువు, అన్నీ కొనేసరికి ఇంకో హెలికాప్టర్ ఖర్చు అవుతుంది. చేతి అలవాటు కుదిరాక, బ్రష్షుల్లేని మోటారుతోనే వచ్చే హెలికాప్టర్ తీసుకోవడం మేలు. ఇప్పుడున్నదానికి అదే సైజులో, ఇరుసు దగ్గర బాల్‌బేరింగు ఉన్న మంచి మోటార్లు, వాటి డొప్ప చుట్టూ అల్యూమినియం హీట్‌సింకు, అంతే చాలన్నాను. వాటిని పూర్తి వేగంతో కాక, మధ్య వేగంతో నడిపిస్తే ఎక్కువ రోజులు ఉంటాయి. పెంచిన బలం సుఖంగా పనిచేయడానికి, ఇంకా వేగంగా పరిగెత్తడానికి కాదు.

కొనడంలోనూ ఒకసారి దెబ్బ తిన్నాం. చవగ్గా దొరికిన జత ఒకటి తెప్పిస్తే అందులో ఒకదాని ఇరుసు మొదటి రోజే ఊగింది. వాపసు పంపి, రెండు వారాలు ఆగి మంచివి తెచ్చుకున్నాం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి ఇద్దరం వెళ్లి సన్నని టంకం తీగ, తీగల అతుకుల మీద తొడిగే గొట్టం, 104 అంకె ఉన్న చిన్న కెపాసిటర్లు కొన్నాం. బ్రష్షుల దగ్గర లేచే రవ్వలు రేడియో సిగ్నల్‌ని చెడగొట్టకుండా ఆ కెపాసిటర్లు ఆపుతాయి. పాత మోటారుకు ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు, కొత్తదానికీ వేయాలి.

కొత్త మోటారుని వెంటనే పనిలో పెట్టకూడదన్నది నాకు బాగా ఇష్టమైన నియమం. కొత్త బ్రష్షు కొస కమ్యుటేటర్ గుండ్రదనానికి సరిగా ఆనదు. కొద్ది చోటే తాకుతుంది, ఆ కొద్ది చోటు మీదే కరెంటంతా పోతుంది, రవ్వలు లేస్తాయి. అందుకని బరువేమీ లేకుండా, ఒకటి రెండు టార్చి బ్యాటరీలతో, నెమ్మదిగా కాసేపు తిప్పాలి. బ్రష్షు అరిగి కమ్యుటేటర్ వంపుని తన ఒంటి మీదికి తెచ్చుకుంటుంది. మేం వంటింటి గట్టు మీద ఒక్కోదాన్ని తిప్పాం, మధ్యమధ్యలో ఆపి చల్లారనిచ్చాం. మొదట గరగరమన్న చప్పుడు కాసేపటికి నున్నబడింది. వాడు చెవి దగ్గర పెట్టుకుని, "మామా, ఇప్పుడు కుదురుకుంది" అన్నాడు. ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు.

తర్వాత ఇరుసు తిరిగే చోట సూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. రెండో చుక్క వద్దు. ఎక్కువైన నూనె లోపలికి పాకి, కార్బన్ పొడితో కలిసి జిడ్డుముద్దై, కమ్యుటేటర్ ముక్కల మధ్య ఇరుక్కుంటుంది. ప్రేమకొద్దీ నూనె పోసి చంపేసిన మోటార్లు చాలా ఉంటాయి.

మార్చేటప్పుడు రెండూ మార్చాలి. పాడైంది ఒకటేగా అని ఒకటే మారిస్తే, ఈసారి కొత్తదాని బలానికి హెలికాప్టర్ రెండోవైపు తిరుగుతుంది. మళ్లీ ట్రిమ్, మళ్లీ అదే కథ. కొన్ని రకాల్లో కుడి మోటారు, ఎడమ మోటారు అని విడిగా అమ్ముతారు, చూసుకుని బిగించాలి. పాతవాటిలో బాగున్నదాన్ని పారేయలేదు. ఎన్ని విడతలు ఎగిరిందో చీటీ రాసి డబ్బాలో పెట్టాం. 71 విడతలు.

ఈ పనంతా వంటింటి గట్టు మీద జరుగుతున్నప్పుడు అమ్మ అక్కడే చపాతీలు చేస్తోంది. పెనం మీద ఎడమ చేత్తో తిప్పుతోంది. అమ్మది కుడిచేతి వాటం. పప్పుల డబ్బాలు పై అరలోంచి కింది అరలోకి ఎప్పుడు వచ్చాయో తెలీదు. జడ వేసుకోవడం మానేసి ముడి చుట్టుకోవడం ఎప్పుడు మొదలైందో తెలీదు. అడిగితే, "ఆ, ఇలాగే వీలుగా ఉందిరా" అంది. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుడి చెయ్యి చెవిదాకా లేవడం లేదు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం ఇలా బిగుసుకుపోవడం ఎక్కువేనని, నెలల తరబడి ఓర్చుకుని ఉంటారని ఆయన చెప్పారు. ఇల్లంతా అమ్మ ఒక్కో నొక్కు చొప్పున సర్దుకుంటూ వచ్చింది. మాకు కనిపించింది నిలకడగా ఎగురుతున్న ఇల్లు. ఇప్పుడు వ్యాయామాలు చేయిస్తున్నారు. పై అర పని నాది.

లామా గురించి ఇంకొక్క మాట చెప్పాలి. 1972 జూన్ 21న ఝాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ దాన్ని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. హెలికాప్టర్లలో అప్పటికి అది ప్రపంచ రికార్డు. దిగబోతూ బలం తగ్గించగానే ఆ చలికి ఇంజన్ ఆరిపోయింది, మళ్లీ అంటుకోలేదు. ఆయన కంగారుపడలేదు. కింది నుంచి వచ్చే గాలితోనే రెక్కలు తిరిగేలా వాటి వాలు సరిచేసుకుంటూ, ఇంజన్ లేకుండా నేలదాకా దిగాడు. మా బొమ్మకు ఆ వీలు లేదు. దాని రెక్కల వాలు మార్చలేం. బ్యాటరీ అయిపోతే రాయిలా పడుతుంది. అందుకే గడియారం పెట్టుకుని ఏడో నిమిషంలో దించేస్తాం. లిథియం బ్యాటరీ ఒక్కో సెల్లు 3 వోల్టుల కిందికి పడితే పాడవుతుంది కూడా. చివరి చుక్కదాకా వాడుకోకుండా కాస్త మిగిల్చి దిగడం మోటారుకీ బ్యాటరీకీ రెండింటికీ మంచిది.

కొత్త జత బిగించి నిన్న పొద్దున ఎగరేశాం. వాడు ముందు ట్రిమ్‌ని సున్నాకి తెచ్చాడు. లేచింది, మోకాలెత్తులో నిలబడింది, ముక్కు ఎటూ తిప్పలేదు. సెల్లార్ స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాన్న, దించగానే దాన్ని చేతిలోకి తీసుకుని రెండు మోటార్ల మీదా వేలు పెట్టి చూశారు. "ఆనుతోంది" అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బొమ్మ ఉండి, ఈమధ్య ఒక పక్కకు తిరుగుతోంటే, ట్రిమ్ ఇంకో నొక్కు నొక్కకండి. గుర్తుని మధ్యకు తెచ్చి ఒక్కసారి ఎగరేసి, ఎటు తిరుగుతోందో చూడండి. ఆ తర్వాత ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుక దగ్గర్నుంచి మొదలుపెట్టండి.